వేరే సాఫ్ట్‌వేర్ ముచ్చట గీడ వద్దు

మా ఫోరంలో ఎవరినీ పేరు పెట్టి పిలవం, ఊరితో పిలుస్తాం. నేను సూర్యాపేట. ఫోన్లో మాట రికార్డు చేసి పెట్టే ముందు ప్రతి ఒక్కరూ "సూర్యాపేట మాట్లాడుతున్న", "నిడమనూరు మాట్లాడుతున్న" అని మొదలుపెట్టాలి. ఈ అలవాటు చేసింది మిర్యాలగూడ. మిర్యాలగూడ అంటే ఇక్కడ ఊరు కాదు, మనిషి. మా ఫోరం పెట్టినాయన. ఒకప్పుడు ఆ ఊరి బస్టాండు పక్కన టెలిఫోన్ బూత్ నడిపేవాడు. రోజంతా ఊళ్ల పేర్లు వినీ వినీ ఆయనకు మనుషులు ఊళ్లుగానే గుర్తుండేవారు.

మేమందరం చూపు లేనివాళ్లం. కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, దాని మీదే మా చదువూ మా కొలువూ నడుస్తాయి. మౌస్ మాకెందుకూ కొరగాదు. కీబోర్డు మీద ఏ రెండు కీలు కలిపి నొక్కితే లైను మళ్లీ చదువుతుంది, ఏవి నొక్కితే మాట ఆగుతుంది, ఇదంతా వేళ్లకు కంఠస్థం కావాలి. అలాంటి సాఫ్ట్‌వేర్లలో ఒక పెద్ద కంపెనీది ఉంది. బ్యాంకుల్లో, సర్కారు ఆఫీసుల్లో ఎక్కువగా అదే పెడతారు. కొనాలంటే మాలాంటివాళ్ల తాహతు కాదు. ఇంకొకటి, దేశదేశాల్లో మాలాంటివాళ్లే కలిసి రాసి అందరికీ ఉచితంగా వదిలిపెట్టింది. లోపల ఎలా రాశారో ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, తమ భాషలోకి తెచ్చుకోవచ్చు. మా ఫోరం ఈ రెండోదాని కోసం పెట్టుకున్నది.

నేను ఆత్మకూర్ (ఎస్) దగ్గర సర్కారు బడిలో సోషల్ చెబుతాను. సూర్యాపేట నుంచి రోజూ బస్సు. నాకు కోపం తొందరగా వస్తుందని మా పిల్లలు చెప్పుకుంటారు. నిజమే. చూపు పోయాక మిగిలిన వాటిలో అదొక్కటే నాకు పూర్తిగా పనిచేస్తోందని నేనే వాళ్లతో అంటుంటాను. నాకు కంప్యూటర్ నేర్పింది మాత్రం కోపమనేది తెలియని మనిషి. తెల్లవారగానే ఫోన్ చేసి, "తమ్మీ, చెవుల దూది తీసినవా?" అని మొదలుపెట్టేవాడు మిర్యాలగూడ. తప్పు కీ నొక్కితే తిట్టడు. "మంచిగ నొక్కినవ్, కాకపోతే పక్కింటి తలుపు కొట్టినవ్" అంటాడు. నేను బడి రిజిస్టరు నా చేతులతో నేను టైప్ చేసిన రోజు ఆయనకు ఫోన్ చేసి, ఏం మాట్లాడాలో తెలియక ఊరికే ఉండిపోయాను. ఆయనా ఊరికే ఉన్నాడు. తర్వాత "సరె, ఇగ పెట్టేయ్" అన్నాడు.

సెల్‌ఫోన్లు వచ్చి బూత్‌లు మూతబడ్డాక ఆయన చాలాకాలం ఇంట్లో ఊరికే కూర్చున్నాడు. బూత్ ఉన్న గదిలో ఆయన భార్య కిరాణం పెట్టింది. పొద్దంతా లోపలి మంచం మీద కూర్చుని కొట్టుకొచ్చే గిరాకీల గొంతులు వినేవాడట. తర్వాత ఎవరో ఆ పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ కాపీ ఒకటి తెచ్చి ఇచ్చారు. దాంతోనే కంప్యూటర్ నేర్చుకున్నాడు. కానీ అది కొన్నది కాదు. అందుకని కొంతసేపు పనిచేయగానే నోరు మూసుకునేది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాలి, సగం రాసింది పోయేది. "మనది కాని ఇంట్ల కిరాయి కట్టకుండ ఉన్నట్టుండె తమ్మీ. ఎప్పుడు ఎల్లగొడ్తరో తెల్వదు" అని చాలా కాలం తర్వాత, ఈ గొడవలన్నీ అయ్యాక నాతో అన్నాడు.

ఆ తర్వాత ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ దొరికింది. దొరకడమే కాదు, దాన్ని తెలుగులోకి తెచ్చేవాళ్లలో తానూ ఒకడయ్యాడు. లైనులో ఏమీ లేకపోతే ఇంగ్లీషులో ఒక మాట చెబుతుంది కదా, దానికి తెలుగులో ఏం పెట్టాలా అని చాలా రోజులు తర్జనభర్జన పడ్డాడు. "శూన్యం" అన్నారు కొందరు. "శూన్యమేందిర బై, మంత్రాలు సదువుతున్నమా" అని పోట్లాడి "ఖాళీ" అని పెట్టించాడు. ఖాళీ గీత మీదికి వెళ్లి మొదటిసారి ఆ "ఖాళీ" విన్నప్పుడు ఏడుపొచ్చిందని చెప్పాడు. మేం ఇప్పటికీ ఖాళీ లైను మీద పడ్డప్పుడల్లా ఆయన పెట్టిన మాటే వింటాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ నియమం పెట్టినవాడు దుర్మార్గుడని ఎవరూ అనుకోకూడదని. నాకు ఆయన మీద ఇప్పటికీ కోపముంది. కానీ ఆ మనిషిని అర్థం చేసుకోకుండా కోప్పడడం తేలిక.

నియమం పెట్టడానికి కారణాలు లేకపోలేదు. ఒకతను మీలో ఒకడినని చెప్పి ఫోరంలో చేరి, కొత్తగా వచ్చిన పిల్లలకు విడివిడిగా ఫోన్లు చేసి ఇంకేదో సాఫ్ట్‌వేర్ అంటగట్టబోయాడు. ఇంకెవరో ఎక్కడిదో కాపీ పంపితే, దాన్ని పెట్టుకున్నాయన ల్యాప్‌టాప్ మొత్తం పాడైపోయింది. ఇక మాది గొప్పంటే మాది గొప్పని గొడవ. ఒక వారమంతా నేర్చుకునేవాళ్ల ప్రశ్నలు పక్కన పడిపోయి తగువే నడిచింది. మిర్యాలగూడ విసిగిపోయాడు. ఆదివారం పొద్దున మేమంతా ఫోన్లో కూడే వేళ చెప్పేశాడు.

"మిర్యాలగూడ మాట్లాడుతున్న. ఇగ ఇయ్యాల్టి సంది వేరే సాఫ్ట్‌వేర్ ముచ్చట గీడ వద్దు. గా సాఫ్ట్‌వేర్ మంచిదైనా, సెడ్డదైనా. ఎవరికన్న గది కావాల్నంటే గాడికే పోండ్రి. ఇది మన ఇల్లు."

నేను ఒప్పుకోలేదు. "అన్నా, అమ్మకం వద్దను. కాపీలు వద్దను. ముచ్చట వద్దనకు" అన్నాను. "మనం ఇంట్ల ఏది పెట్టుకోవాల్నో మన ఇష్టం. ఆఫీసుల ఏది పెడ్తరో మన చేతుల లేదు కద. గాడ కూసున్నోడు గీడికొచ్చి అడగకపోతె యాడ అడుగుతడు?"

"గా కంపెనోళ్లకు ఫోన్ నంబర్ ఉంటది. అడగమను."

"ఉంటది. అవుతల ఇంగ్లీషుల మాట్లాడ్తరు."

"సూర్యాపేటా, వాదించుడు నీకు సోషల్ పాఠంల నేర్పిన్రు" అన్నాడాయన. అందరూ నవ్వారు. నా పక్కన ఒక్కరూ మాట్లాడలేదు. మాట్లాడరు. వాళ్లలో ఒక్కొక్కరి వేళ్లనూ కీబోర్డు మీద పెట్టి నేర్పినవాడు ఆయన. అలాంటి మనిషికి ఎదురెవరు చెబుతారు? ఎవరైనా చూసుకోవచ్చని లోపలంతా తెరిచిపెట్టిన సాఫ్ట్‌వేర్ కోసం కూడినవాళ్లం, అందులో కూర్చుని నోళ్లకు తాళం వేసుకున్నాం. అప్పుడు నాకు చిరాకు మాత్రమే వేసింది.

ఆ తర్వాత చేరింది కోదాడ. డిగ్రీ అయిన అమ్మాయి. చదువు మధ్యలో చూపు తగ్గుతూ వచ్చి పూర్తిగా పోయింది. మొదటిరోజు ఆమె గొంతు రికార్డు వినిపించినప్పుడు "కోదాడ మాట్లాడుతున్నానండీ" అంది. ఆ "అండీ" వినగానే నిడమనూరు "ఓహో, ఆంధ్రా పక్క గాలి" అని ఆటపట్టించాడు. "కోదాడలో మాకు రెండు గాలులూ వస్తాయండీ" అని ఠక్కున అంది. అందరికీ నచ్చేసింది. మిర్యాలగూడకైతే మరీ. కొత్తగా వచ్చినవాళ్లకు ఆయన ఎప్పుడూ చెప్పే మాటే ఆమెకూ చెప్పాడు. "అడగందే అమ్మయినా పెట్టదు బిడ్డా. ఎంత చిన్నదైనా అడుగు, సిగ్గుపడకు."

ఆమె అడిగింది. పొద్దున అడిగేది, సాయంత్రం అడిగేది. పట్టికలో గడి నుంచి గడికి ఎలా వెళ్లాలి, తప్పు రాసిన అక్షరం ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి. మిర్యాలగూడ ఒక్కదానికి కూడా విసుక్కోలేదు. కొన్ని నెలలకు ఆమె మాలో చాలామంది కన్నా వేగంగా టైప్ చేస్తోంది. వికలాంగుల కోటాలో ఒక సర్కారు ఉద్యోగానికి రాత పరీక్ష రాస్తే పాసయింది. ఇక కంప్యూటర్ మీద టైపు పరీక్ష ఒక్కటి మిగిలింది. అది అయితే చేతికి కొలువు.

ఆ కొలువు ఆమెకు ఎందుకు కావాలో ఫోరంలో అందరికీ తెలుసు. ఆమె తల్లి నాట్లకూ కలుపులకూ పోతుంది. కూతురికి చూపు పోయిన దగ్గర్నుంచి ఎక్కడికి పోవాలన్నా తల్లే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. దవాఖానకు, కాలేజీకి, చర్చికి. తీసుకెళ్లిన రోజు పని ఉండదు. "నాకు జీతం వస్తే మా అమ్మ చెయ్యి వదిలేస్తానండీ" అని నవ్వుతూ చెప్పింది ఒక ఆదివారం. "నా గురించి కాదు. అమ్మకు రెండు చేతులూ ఖాళీ అవ్వాలి."

పరీక్ష సూర్యాపేటలో అని ఉత్తరం వచ్చింది. పరీక్ష ఇంకొద్ది రోజులుందనగా, అక్కడి కంప్యూటర్లలో ఉండేది మా సాఫ్ట్‌వేర్ కాదని, ఆ పెద్ద కంపెనీదని ఆమెకు తెలిసింది. వెంటనే ఫోరంలో అడిగింది. ఆ మాట నాకు ఇంకా చెవిలో ఉంది. "కోదాడ మాట్లాడుతున్నానండీ. పరీక్ష కాడ వేరే సాఫ్ట్‌వేర్ పెడతారంట. మన కీలన్నీ దాంట్లో పనిచేస్తాయా? ఏవి మారతాయో ఎవరన్నా చెప్తారా?"

మాడుగులపల్లి నుంచి ఒకాయన ఉన్నాడు, బ్యాంకులో పని. ఆయన బదులు పెట్టడం మొదలుపెట్టాడు. సగం వినేలోపే అది మాయమైంది. కోదాడ ప్రశ్న కూడా మాయమైంది. తర్వాత మిర్యాలగూడ గొంతు వచ్చింది. కోపంగా కాదు, హాస్యంగానే అన్నాడు. అదే ఇంకా పాడు చేసింది.

"కోదాడ బిడ్డా, మా ఇంట్ల కూసొని పక్కింట్ల కూర మంచిగుంటదా అని అడుగుతవా? గా ముచ్చట గీడ వద్దంటి కద. మన కీలు మంచిగ నేర్చుకో, గవే నిన్ను గట్టెక్కిస్తయి."

దాని కింద నవ్వు బొమ్మలు పడ్డాయి. కళ్లున్నవాళ్లకు అవి ఒక మూల చిన్న చిన్న ముఖాలు. మాకు అలా కాదు, ఒక్కోదాన్ని ఫోను పైకి చదువుతుంది. ఆనంద బాష్పాలతో ముఖం, ఆనంద బాష్పాలతో ముఖం, ఆనంద బాష్పాలతో ముఖం. నేను బస్సులో ఉన్నాను. చెవిలో అది వరసగా చదువుతూ పోతుంటే ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల కూడా ఎక్కడో కూర్చుని ఇదంతా వింటూ ఉంటుంది కదా అనుకున్నాను. పెట్టినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. పెద్దాయన జోకు వేశాడు, నవ్వారు.

బస్సు దిగగానే మిర్యాలగూడకు ఫోన్ చేశాను.

"అన్నా, నువ్వు తీసేసింది ఒక పిల్ల బతుకు."

"గంత పెద్ద మాటెందుకు తమ్మీ? ఇయ్యాల గీమెకు ఊకుంటె రేపు ఇంకొకడొస్తడు. నియమం నియమమే కద."

"నియమం గా అమ్మేటోని కోసం పెట్టినవ్. గీ పిల్ల అమ్ముతదా?"

"మన సాఫ్ట్‌వేర్ నేర్చినోనికి ఏదైన వస్తది. నాకు తెల్వదా?"

"నీకేం తెలుసే, నువ్వు గా దిక్కే సూడవ్" అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎంత సేపని వాదిస్తాం. ఫోన్ పెట్టేశాను. నాకా ఆ పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ గురించి ఓనమాలు తెలియవు. మాడుగులపల్లి ఆయన నంబరు సంపాదించి కోదాడకు పంపి, ఫోన్ కూడా చేశాను. "అమ్మా, ఆయన అన్నీ చెప్తనన్నడు, ఒక్కసారి మాట్లాడు" అన్నాను. "సరే సార్" అంది. గొంతులో ఏమీ లేదు. రెండు రోజుల తర్వాత మాడుగులపల్లిని అడిగితే ఆమె చెయ్యలేదన్నాడు. ఆయన చేస్తే ఎత్తలేదట. ఈ కాలపు పిల్లలకు మంచి చెబితే బరువు అని నేను అప్పుడు విసుక్కున్నాను.

పరీక్ష రోజు నేను సెలవు పెట్టి బస్టాండుకు పోయాను. తల్లీ కూతురూ కోదాడ బస్సు దిగారు. ఆటోలో పరీక్ష జరిగే కాలేజీకి వెళ్లాం. దారంతా తల్లే మాట్లాడింది. "ఇది చిన్నప్పుడు ఒక్కచోట కూచునేది కాదు సారూ, ఇప్పుడు కూచునే పని దొరుకుద్దంట" అని నవ్వింది. కూతురు కూడా కొంచెం నవ్వింది. ఆమె వేళ్లు బ్యాగు మీద కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. కీలు వల్లె వేసుకుంటోంది. మా కీలు.

ఆమెను లోపలికి పంపి నేనూ తల్లీ వరండాలో మెట్ల మీద కూర్చున్నాం. తల్లి తెచ్చిన పులిహోర డబ్బా తెరవలేదు, కూతురు వచ్చాక తిందామంది. ఎండ మెట్ల మీదికి వస్తే కొంచెం కొంచెం జరుగుతూ కూర్చున్నాం. లోపల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైతే "అయిపోయిందా సారూ?" అని అడిగేది. నాకేం తెలుసు. "అవుతది, అవుతది" అంటూ ఉన్నాను.

ఆమె బయటికి వచ్చినప్పుడు తల్లి గబుక్కున లేచింది. అడుగుల చప్పుడు విన్నప్పుడే నాకు అర్థమైంది. పొద్దున మా పక్కన విన్న నడక అది కాదు. గెలిచిన మనిషి అంత మెల్లగా నడవదు.

"మాట ఆగిపోయింది సార్" అంది. "మొదట్లో బానే చదివింది. లైను మళ్లీ చదివిద్దామని మన కీ నొక్కాను. ఆగిపోయింది. ఇంక రాలేదు."

"ఎవరికీ చెప్పలేదా?" అన్నాను. తల్లి నీళ్ల సీసా మూత తీసి ఆమె చేతికి ఇచ్చింది. ఎవరూ పులిహోర తినలేదు. కోదాడ బస్సు ఎక్కించి వచ్చాను. ఆ పరీక్ష హాల్లో ఉన్న మనుషులను తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. చూపులేని పిల్ల చేతులాగిపోయి కూర్చుంటే, చూపున్నవాడు ఒక్కడూ దగ్గరికి వచ్చి ఏమైందని అడగలేదా అని. కొన్ని నెలలు ఆ మనుషుల మీద కోపంగా ఉన్నాను. ఆ కోపం పడాల్సింది వాళ్ల మీద కాదు.

మిర్యాలగూడకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అవతల కిరాణంలో ఎవరో చక్కెర అడుగుతున్నారు. తర్వాత నెమ్మదిగా, పాఠం చెప్పే గొంతుతో అన్నాడు.

"మన లైను కీ గాడ మాట బందు చేస్తది. మల్ల గదే నొక్కితె వస్తది. రెండు తాపలు నొక్కాలె."

"నీకు తెలుసా?"

"ఏండ్లు వాడిన తమ్మీ. తెల్వకుంటదా? అన్ని కీలు వస్తయి నాకు. నిద్రల లేపినా చెప్త."

నేను ఏం తిట్టానో ఇక్కడ రాయను. ఆ ఒక్క మాట, మళ్లీ అదే నొక్కాలి అన్న మాట, ఆ పిల్ల అడిగిన సాయంత్రం చెప్పి ఉంటే చాలు. చెప్పగల మనుషుల్లో మా అందరికన్నా ఎక్కువ తెలిసినవాడే చెప్పనివ్వలేదు. ఆ సాఫ్ట్‌వేర్ మీద ఆయనకు ఎంత పగంటే, తనకు వచ్చని కూడా ఎవరికీ తెలియనివ్వలేదు. తనకు జరిగిన అవమానం ఇంకెవరికీ జరగకూడదనే ఆ తలుపు మూసేశాడు. చివరికి అవమానం ఆ పిల్లకు జరిగింది.

తర్వాతి ఆదివారం నియమం తీసేశాడు. తీసేసి ఊరుకోలేదు. ఆ పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ కీలన్నీ ఒక్కొక్కటిగా, మాది ఎట్లా, అది ఎట్లా అని పక్కపక్కన పెట్టి పాఠాలు రికార్డు చేశాడు. వాటిని ఇప్పుడు ఎక్కడెక్కడి ఊళ్ల పిల్లలో వింటున్నారు. ఇద్దరికి కొలువులొచ్చాయి. ఫోరం ఏమీ కూలిపోలేదు. మా సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ వదిలిపెట్టలేదు. ఇంట్లో అదే, ఆఫీసులో ఏది ఉంటే అది. ఎవరైనా అమ్మబోతే వాళ్లను పంపించేస్తున్నాం, అంతే. ఇంత తేలికైన సంగతి మొదటి రోజే చేసి ఉండొచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటు కదా, కాకపోతే ఇక్కడ కాలినవి ఇంకొకరి చేతులు.

ఆ పాఠాలు ఎవరి కోసం చెప్పాడో ఆమె వినలేదు. ఫలితం వచ్చిన రోజే ఫోరం నుంచి వెళ్లిపోయింది. మళ్లీ చేర్చడానికి ఆయన ప్రయత్నిస్తే చేరలేదు. ఫోన్ చేస్తే తల్లి ఎత్తి, పిల్ల పడుకుందనేది. ఎప్పుడు చేసినా పడుకునే ఉండేది.

చివరికి ఒకరోజు ఆయన మిర్యాలగూడ నుంచి సూర్యాపేట వచ్చాడు. "తమ్మీ, కోదాడ పోదాం పా. నేను నోటితోని అనాలె. ఫోన్ల కాదు" అన్నాడు. అంతకు ముందు మేం ఇద్దరం కలిసి ప్రయాణం చేసింది లేదు. రెండు కర్రలు, ఒక బస్సు. కండక్టరు మమ్మల్ని ఒకే సీట్లో కూర్చోబెట్టాడు. మునగాల దాటాక ఆయన నా మోచేయి పట్టుకున్నాడు, దిగేదాకా వదల్లేదు. నాకు అప్పటికి కోపం తగ్గలేదు. అయినా చెయ్యి తీసుకోలేదు.

తల్లి పనికి పోయింది. ఆ అమ్మాయి ఒక్కతే ఉంది. మా గొంతులు గుర్తుపట్టి, కుర్చీలు తడిమి లాగి వేసింది. లోపలికి వెళ్లి టీ పెట్టింది. స్టవ్ వెలిగించడం, గిన్నె పెట్టడం, చక్కెర డబ్బా మూత తియ్యడం, ఒక్కొక్కటీ వింటూ కూర్చున్నాం. ల్యాప్‌టాప్ ఏమైందని అడిగితే, మేనమామ కొడుక్కి ఇచ్చేశానంది. "ఊరికే ఉంటే పాడైపోద్ది కదండీ" అంది. మళ్లీ పరీక్ష పడితే రాస్తావా అన్నాను. టీ ఎలా ఉందని అడిగింది.

మిర్యాలగూడ కప్పు కింద పెట్టాడు. "బిడ్డా, నా మూలంగ నీ కొలువు పోయింది. నాకు గా కీ తెలుసు. తెలిసి కూడ నిన్ను అడగనియ్యలే. నన్ను ఏమన్న అను" అన్నాడు. పెద్దమనిషి గొంతు అంత చిన్నగా అయిపోవడం నేను ఎప్పుడూ వినలేదు. నాకు బాధేసింది. ఆయన మీద కోపం ఉండగానే బాధేసింది.

"అయ్యో, కీ తెలియనందుకు పోలేదు అన్నయ్యా" అంది ఆమె. ఏదో ఆయన్ను ఓదారుస్తున్నట్టే అంది. "మాట ఆగిపోయినప్పుడు అక్కడి సార్ నా దగ్గరికి వచ్చారు. 'ఏమ్మా, ఆపినవ్? ఏమన్న ప్రాబ్లమా? చెప్పు, కంప్యూటర్ అతన్ని పిలుస్త' అన్నారు. రెండుసార్లు అడిగారు, మంచోడే పాపం."

"మరి నువ్వేమన్నవ్ బిడ్డా?" అన్నాడు మిర్యాలగూడ.

"ఏం లేదు సార్ అన్నాను."

"ఎందుకమ్మా?" అన్నాను నేను.

"నోరు రాలేదు సార్. చుట్టూ అంతమంది ఉన్నారు కదా. ఇది కూడా అడగకూడనిదేమో, అడిగితే అందరూ నవ్వుతారేమో అనిపించింది. ఆయన వెళ్లిపోయారు. ఇంక టైమ్ అయ్యేదాకా, ఎవరికీ అనుమానం రాకుండా, టైప్ చేస్తున్నట్టు వేళ్లు ఆడించుకుంటూ కూచున్నాను."